మెట్ల కింది మూడు మీటర్లు

ఆ వీధుల్లో ఆమెను అందరూ రీడింగమ్మ అనే పిలిచేవాళ్ళు. నెలకోసారి వచ్చి కరెంటు మీటరు చూసి, ఫోనులో అంకె వేసుకుని వెళ్ళిపోయే మనిషికి అంతకు మించిన పేరు ఎవరికి కావాలి? అంతకుముందు ఆ పని ఆమె భర్త చేసేవాడు. మాటకారి. గేటు దగ్గర నుంచే ఏదో ఒకటి అని ఇంటిల్లిపాదినీ నవ్వించి, ఆ నవ్వు ఆగేలోపు మీటరు చూసుకుని పక్కింట్లో ఉండేవాడు. ఆయన పోయాక ఆఫీసువాళ్ళు ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. ఐదో తరగతి దాకా చదివింది. అంకె చూసి అంకె వేయడానికి ఆ చదువు చాలునన్నారు.

చదువు చాలిందేమో కానీ ఆమెకు ధైర్యం చాలలేదు. పరాయి గడప ముందు నిలబడి "మీటరు" అని కేక వేయడానికి గొంతు పెగిలేది కాదు. గోడవారగా నిలబడి దగ్గేది. లోపలివాళ్ళు ఎవరో జబ్బుమనిషి సాయం కోసం వచ్చిందనుకుని తలుపు తీసేవాళ్ళు. మగవాళ్ళు బనియన్లతో కూర్చున్న వసారాలు దాటేటప్పుడు నేల వైపే చూస్తూ నడిచేది. ఆయన సంచీ భుజాన వేసుకుని, ఆయన తిరిగిన గుమ్మాలే తిరుగుతుంటే, ఆయన చొక్కా తొడుక్కుని నలుగురిలోకి వచ్చినట్టు ఉండేది ఆమెకు.

అన్ని గుమ్మాల్లో ఆమె తల ఎత్తుకుని వెళ్ళగలిగింది ఒక్క మిషనక్క గుమ్మంలోకే.

మిషనక్క బట్టలు కుట్టే ఆవిడ. ఒక సందు చివర మేడలో కింది వాటాలో ఉంటుంది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, మాట్లాడితే సూదుల సందుల్లోంచి మాట్లాడేది. రీడింగమ్మ రెండో నెలో మూడో నెలో ఆ ఇంటికి వెళ్ళినప్పుడు, దగ్గు విని లోపలికి లాక్కెళ్ళి ఫ్యాను కింద కూర్చోబెట్టింది. మీ ఆయన ఇక్కడే కూర్చునేవాడు, ఈ స్టూలు మీదే అంది. ఆ ఒక్క మాటకే రీడింగమ్మకు ఏడుపు ఆగలేదు. మిషనక్క ఓదార్చలేదు. గుండీల డబ్బా ఒళ్ళో పెట్టి, "ఏడుస్తూనే ఇవి కుట్టిపెట్టు చెల్లీ, రెండు పనులూ అయిపోతాయి," అంది. అప్పటి నుంచి ప్రతి నెలా ఆ స్టూలు మీద కాసేపు కూర్చోవడం, రెండు గుండీలు కుట్టడం, లేచి మెట్ల కింద మీటర్లు చూసుకోవడం అలవాటైపోయింది.

ఆ మేడలో మూడు వాటాలు. మెట్ల కింద గోడకు చెక్కపలక, దాని మీద వరసగా మూడు మీటర్లు. గోడకు ఎదురుగా నిలబడితే ఎడమ చివరది మిషనక్కది. నడిమిది వెనక వాటాలో ఉండే కళ్ళజోడు తాతగారిది. కుడి చివరది పై వాటా వాళ్ళది. వాళ్ళు కొత్తగా చేరి కొత్త మీటరు పెట్టించుకున్నారు, కానీ పనుల మీద ఊళ్ళు తిరుగుతూ ఎప్పుడూ తాళమే.

ఇలా ఉండగా ఆఫీసులో కొత్త పద్ధతి వచ్చింది. రెండు కంపెనీలు కలిసిపోయి ఒకటయ్యాయట. ఆ కలవడంలో ఒకే నెంబరు రెండు వీధుల్లో రెండు మీటర్లకు ఉన్నట్టు తేలింది. పాత మీటర్ల మీద నెంబర్లు ఎండకు వెలిసిపోయి కొన్ని అసలు కనిపించవు. అందుకని రీడింగు తీసేవాళ్ళందరినీ హాల్లో కూర్చోబెట్టి కుర్ర ఇంజనీరు గారు వివరించాడు. మనిషి పేరు ఇంకో మనిషికి ఉండొచ్చు కానీ, ఒకరు నిలబడిన చోట అదే సమయానికి ఇంకొకరు నిలబడలేరు కదా అన్నాడు. మీటరూ అంతే, ఇకనుంచి అది ఉన్న చోటే దాని పేరు. ఫోను ఆకాశంలో ఉపగ్రహాల్ని అడిగి రెండు పొడుగాటి అంకెలు తెస్తుంది. ఒకటి అక్షాంశం, ఇంకోటి రేఖాంశం. ఆ రెండూ కలిస్తే భూమి మీద ఒకే ఒక్క చోటు. మీటరు దగ్గర నిలబడి, ఇంటివాళ్ళ పేరు ఎంచుకుని, బొత్తాం నొక్కితే మ్యాపులో ఒక చుక్క పడుతుంది. మనం ఎటు తిరిగితే మ్యాపూ అటు తిరుగుతుంది. తరవాత నెల నుంచి పేర్లతో పనిలేదు, చుక్కను తాకి అంకె వేయడమే. పేర్లు ఆఫీసులో ఉంటాయి.

అర్థమైందా అని అడిగాడు. అందరూ తలూపారు. ఆమె కూడా ఊపింది. బడిలో గ్లోబు మీద గీతలు చూపించిన గుర్తు లీలగా ఉంది కానీ, అడిగితే మొగుడి ఉద్యోగం ఇలాంటి దానికిచ్చారా అని పక్కవాళ్ళు అనుకుంటారని భయం.

వీధిలోకి వెళ్ళాక తెలిసింది అసలు తంటా. మీటర్లేమో మెట్ల కింద, ఆకాశమేమో బయట. మెట్ల కింద నిలబడితే ఫోను గుడ్లు తేలేసేది. పోనీ వాకిట్లోకి వచ్చి నొక్కితే, ఒకే పలక మీద ఉన్న మూడింటికీ ఒకే అంకెలు వచ్చేవి. ఒకే చోటు రెండు మీటర్లకు చెల్లదని ఫోను ఎర్రగా అరిచేది. దీనికి ఉపాయం చెప్పింది టార్చి. అతను ఆమెతోపాటు రీడింగు తీసేవాడే. పట్టపగలు కూడా జేబులో టార్చి లేకుండా కదలడు కనక ఆ పేరు.

"మూడూ పక్కపక్కనే ఉంటే ఫోనుకి తేడా తెలీదక్కా. వాకిట్లోకొచ్చి, ఎడమదానికి ఎడమకి నాలుగడుగులు, నడిమిదానికి నడిమధ్యన, కుడిదానికి కుడికి నాలుగడుగులు జరిగి నొక్కెయ్. చుక్కలు విడివిడిగా పడతాయి. ఇంజనీరు గారికి చెప్పకు, ఆయన ఇంకో క్లాసు పీకుతాడు."

అందరూ అలాగే చేశారు. అందరూ గోడ వైపు తిరిగి చేశారు. ఆమె ఒక్కతే అలా చేయలేకపోయింది. మొదటి రోజే ఒక వాకిట్లో ఫోను ఎత్తి ఇంటి వైపు పట్టుకుని నిలబడితే, పిల్లకు తల దువ్వుతున్న ఒకావిడ మా ఇంటికి ఫొటోలు తీయమని నిన్నెవరు పంపారమ్మా అని నిలదీసింది. ఆమెకు తల కొట్టేసినంత పనైంది. అది మొదలు ఏ వాకిట్లోనైనా ఇళ్ళకు వీపు పెట్టి, వీధి వైపు తిరిగి నిలబడి పని కానిచ్చేది. మిషనక్క వాకిట్లోనూ అంతే. మెట్ల కింద చూసుకుని, ఎడమది అక్కది, ఎడమది అక్కది అని మనసులో అనుకుంటూ బయటికి వచ్చి, వీధి వైపు తిరిగి, ఎడమకు నాలుగడుగులు జరిగి అక్క పేరు మీద నొక్కింది.

తరవాత నెలలో కొత్త పద్ధతి రీడింగు ముందుగా ఆ సందులోనే మొదలుపెట్టారు. ఆమె మెట్ల కింద మీటర్లకు ఎదురుగా నిలబడింది. ఎడమ మీటరు చూసి ఎడమ చుక్కకు అంకె వేసింది, నడిమిది నడిమి చుక్కకు, కుడిది కుడి చుక్కకు. రెండు గుండీలు కుట్టి వెళ్ళిపోయింది.

వారం తిరగకుండా తనిఖీ వాళ్ళు వచ్చారు. ముగ్గురు. చుక్కలు పెట్టింది నువ్వే కనక నువ్వూ రావాలన్నారు. దారిలో చెప్పారు సంగతి. కుట్టుమిషను ఆవిడ మీటరు అంకె పోయిన నెలకూ ఈ నెలకూ వేలల్లోంచి వందల్లోకి పడిపోయిందట. మీటరు ముందుకే తిరుగుతుంది కానీ వెనక్కి తిరగదు. ఎవరో మూత విప్పి తిప్పితే తప్ప.

ఫోను పట్టుకుని తనిఖీ పెద్ద మిషనక్క చుక్క వెంట నడిచాడు. చుక్క అతన్ని కుడి వైపుకు తీసుకెళ్ళింది. కుడి చివర మీటరు మీద చిన్న అంకె ఉంది. ఇదిగో చూడండి అన్నాడు, ఇన్నేళ్ళు మోటారు మిషను నడిపిన ఇంట్లో ఇంతేనా వాడకం అని. అప్పటికే వాకిలి నిండా జనం. కళ్ళజోడు తాతగారు కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. మిషనక్క మెడలో టేపుతో బయటికి వచ్చి, నోట్లో సూదులు తీసి చేత్తో పట్టుకుని, నెమ్మదిగానే చెప్పింది.

"అది నాది కాదండీ. నాది ఈ చివరది."

ఎడమ మీటరు చూపించింది. తనిఖీ పెద్ద నవ్వాడు. ఆహా, అయితే తీగలు కూడా మార్చేశావన్నమాట అన్నాడు. తరవాత రీడింగమ్మ వైపు తిరిగాడు.

"గుర్తు పెట్టింది నువ్వేగా. ఈవిడది ఏది?"

ఎడమ అన్న మాట ఆమె నాలుక చివరే ఉంది. కానీ ఫోను కుడి అంటోంది. ఆ ఫోనుకు చెప్పింది ఆకాశం. తనకు చెప్పింది తన బుర్ర. ఐదో తరగతి బుర్ర. పైగా అందరూ తననే చూస్తున్నారు, ఆ చూపులు తన మీంచి పోతే చాలనిపించింది.

"ఫోను చూపించిందేనండీ," అంది.

మిషనక్క ఆమె వైపు చూసింది. రీడింగమ్మ ఫోను వైపు చూసింది. తనిఖీ వాళ్ళు కింది వాటాకు వెళ్ళే తీగ విప్పి, పలకకు ఎర్ర బిళ్ళ వేలాడదీసి, విచారణ అయ్యేదాకా ముట్టుకోకూడదని చెప్పి బయల్దేరారు. సందు మలుపులో రెండు ఇళ్ళ ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. కరెంటునే వదలని మనిషి కుట్టగా మిగిలిన గుడ్డ వదులుతుందా అని ఒకావిడ అంటే, అదేమిటో నా జాకెట్లెప్పుడూ బిగుతుగానే వచ్చేవి అని రెండో ఆవిడ అంది. సాయంత్రానికల్లా కుట్టని బట్టలు ఎవరివి వాళ్ళు వచ్చి తీసుకెళ్ళిపోయారని తరవాత తెలిసింది.

ఇంటికి వెళ్ళాక రీడింగమ్మ అత్తగారికి అంతా చెప్పింది. చెప్పడమే కాదు, ఇంకో మాట కూడా అంది. పైకి ఎంత ఆప్యాయంగా ఉండేదత్తయ్యా, లోపల ఇదన్నమాట అని. ఆ ఆప్యాయత కూడా మీటరు జోలికి రాకుండా ఉండటానికేనేమో అని కూడా అంది. అనేటప్పుడు ఆమెకు తేలిగ్గానే ఉంది. ఎడమా కుడీ అన్న గొడవ తల్లోంచి పోయింది. అక్క దొంగైతే తన లెక్క సరిపోతుంది.

నాలుగు రోజుల తరవాత, టార్చి చుక్కలు పెట్టిన ఇంకో వీధిలో ఆమే అతనూ కలిసి పనిలో దిగారు. అక్కడా మెట్ల కింద చీకటి. అతను లోపల టార్చి వేసి అంకె చదువుతానన్నాడు, ఆమె వాకిట్లో నిలబడి చుక్కకు వేయాలి. ఎడమ చివరది అని కేకేసి చదివాడు. ఆమె వేసింది. నడిమిది, కుడిది కూడా అయ్యాక అతను బయటికి వచ్చి ఫోనులోకి తొంగి చూశాడు.

"ఎడమ చివరది అంటే ఇటు చివర వేశావేంటక్కా?"

"ఎడమదే కదా వేశాను."

"నీ ఎడమ చెయ్యి ఎత్తు."

ఎత్తింది. వీధి వైపు తిరిగి ఉంది. అతను గోడ వైపు తిరిగి తనూ ఎడమ చెయ్యి ఎత్తాడు. ఒక చెయ్యి వాకిలికి ఈ కొసను చూపిస్తోంది, ఇంకో చెయ్యి ఆ కొసను. టార్చి పగలబడి నవ్వాడు. బావగారు ఉంటే దీన్ని ఏడాది పాటు చెప్పుకుని నవ్వేవాడక్కా అన్నాడు. ఆమె చెయ్యి దించలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి చూపిస్తున్న వైపే చూస్తూ ఉంటే, మెట్ల కింద ఎర్ర బిళ్ళ, గుప్పిట్లో సూదులు పట్టుకున్న అక్క, ఒక్కొక్కటే కళ్ళముందుకు వచ్చాయి. నడిమి మీటరు ఒక్కటే సరిగా పడింది. రెండు చివరలూ తారుమారు. పై వాటా వాళ్ళ కొత్త మీటరులోని చిన్న అంకెను ఆమె చేతులారా అక్క పేరు మీద వేసింది. అక్క అంకె పై వాటా పేరు మీద పడింది కానీ, తాళం వేసిన ఇంట్లో అడిగేవాళ్ళెవరు?

టార్చి నవ్వు ఆపి, ఏమైందక్కా అన్నాడు.

ఆమె ఆ రోజే ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళింది. చెబుతుంటే అతని ముఖం కూడా మాడిపోయింది. వేలితో రెండు చుక్కలూ అటుదిటు, ఇటుదటు మార్చాడు. రెప్పపాటు పని. మిగతా వాకిళ్ళలో ఆమె పెట్టినవన్నీ సరిచూడమని టార్చికి పురమాయించాడు. కింది వాటాకు తీగ కలపమని కబురు పంపాడు. తరవాత గొంతు తగ్గించి, ఇది బయట అనకమ్మా, ఆఫీసు పరువు పోతుంది అన్నాడు. మరి ఆవిడకి చెప్పాలి కదా సార్ అని ఆమె అడిగింది. కరెంటు వచ్చేసింది కదా, ఇంకేం చెప్పాలి అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేది.

తీగ కలపడానికి వచ్చినవాళ్ళు విచారణ అయిపోయిందని మాత్రం చెప్పి వెళ్ళిపోయారు. ఎలా అయిపోయిందో చెప్పలేదు. చెప్పకపోయేసరికి సందులో వాళ్ళే ఒక కథ కట్టుకున్నారు. ఎవరి కాళ్ళో పట్టుకుని ఉంటుంది, లేకపోతే ఇంత తొందరగా ఎందుకు వదులుతారు అని. దొంగ అన్న పేరు పోలేదు సరికదా, గట్టి దొంగ అన్న పేరు వచ్చింది. అది టార్చి విని వచ్చి చెప్పాడు.

రీడింగమ్మకు అన్నం సయించలేదు. అత్తగారు చూసి చూసి ఏమిటని అడిగింది. చెప్పింది. కొడుకు పోయిన దగ్గర నుంచి ఆవిడ మాటలు తగ్గించేసింది. అయినా అంది.

"దొంగని నాతో కూడా అన్నావు కదా."

"అన్నానత్తయ్యా."

"నేనూ సరే అనుకున్నాను. చూడని మనిషి గురించి." కంచం ఆమె ముందుకు జరిపి, "వాడైతే వాకిట్లో నిలబడి నలుగుర్నీ నవ్విస్తూ చెప్పేసేవాడు. నీకు దగ్గడం తప్ప ఏమీ చేతకాదు. దగ్గే చెప్పు పోనీ," అంది.

ఉద్యోగం గురించి ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఇద్దరి తిండీ దాని మీదే అని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు సాయంత్రం, ఆ మేడ వాకిట్లో జనం చేరే వేళ చూసుకుని వెళ్ళింది. కళ్ళజోడు తాతగారు కుర్చీలో ఉన్నాడు. మలుపు ఇళ్ళ ఆడవాళ్ళు ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. మిషనక్క తలుపు ఓరగా వేసి ఉంది. రీడింగమ్మ నడిమధ్యన నిలబడింది. నిజంగానే దగ్గింది. అందరూ తలెత్తి చూశారు.

మీటరు చుక్కలు తారుమారుగా పెట్టింది తనేనని, తనిఖీ వాళ్ళు చూసింది పై వాటా మీటరునని, అక్క అసలు ఏదీ ముట్టుకోలేదని చెప్పింది. వీపు పెట్టి నిలబడటం గురించి చెబుతుంటే తడబడింది. చేతులతో చూపించింది. ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు కానీ, తప్పు ఎవరిదో అర్థమైంది.

వాకిలి చిత్రంగా మారిపోయింది. నేను ముందే అనుకున్నాను, ఆవిడ అలాంటి మనిషి కాదని అంది బిగుతు జాకెట్ల ఆవిడ. ఆ రోజే నాకు అనుమానం వచ్చింది, పెద్దవాణ్ణి, నా మాట ఎవరు వింటారని ఊరుకున్నాను అన్నాడు తాతగారు. అసలు నమ్మినవాడు ఒక్కడూ లేడు ఆ వాకిట్లో. రీడింగమ్మ వాళ్ళ ముఖాల వంక చూస్తూ నిలబడింది. వాళ్ళ మధ్య తను ఒక్కతే మిగిలినట్టుంది.

తలుపు తెరుచుకుంది. మిషనక్క గడపలోనే నిలబడింది. మెడలో టేపు లేదు.

"చెల్లీ. ఆ రోజు నువ్వు కూడా అనుకున్నావా, నేనే చేశానని?"

లేదక్కా అనడానికి దారి బారుగా తెరిచి ఉంది. ఇప్పుడే ఇంతమంది ఆ దారినే పోయారు. ఫోను చెప్పింది, నేను చెప్పలేదు అనొచ్చు. భయపడి అలా అన్నాను అనొచ్చు. అదీ అబద్ధం కాదు. కానీ ఇంట్లో అత్తగారితో అన్న మాట చెవుల్లో ఉంది.

"అనుకున్నానక్కా. ఇంటికి వెళ్ళాక కూడా అనుకున్నాను."

మిషనక్క తలూపింది. కోపంగా కాదు. కొలత సరిపోయిందా లేదా అని చూసుకునేటప్పుడు ఊపినట్టు ఊపింది.

"సరే. నలుగురిలో చెప్పావు, అది చాలు. బట్టలు ఇవ్వాళ కాకపోతే రేపొస్తాయి. కానీ నువ్వు మాత్రం ఇకమీదట మీటరు చూసుకుని అటునుంచటే వెళ్ళిపో చెల్లీ. లోపలికి రావద్దు."

చెల్లీ అనడం మానలేదు. అదే గుండెలో దిగింది.

ఆఫీసులో ఎలాగో తెలిసింది. ఇంజనీరు గారు పిలిచి, నీకు చెప్పానా లేదా అని అడిగాడు. చెప్పారు సార్ అంది. ఉద్యోగం తీయలేదు. తీస్తే ఎందుకో రాయాల్సి వస్తుందని టార్చి అన్నాడు. కానీ ఆ హాల్లో తరవాత జరిగిన మీటింగులో, వాకిట్లో నిలబడేటప్పుడు ఎటు తిరిగి నిలబడాలో అందరికీ బొమ్మ గీసి చూపించారు. బొమ్మలోని మనిషి పేరు ఎవరూ అనలేదు. అందరూ ఆమెను చూడకుండా ఉండటానికి ప్రయత్నించారు.

మిషనక్కకు బట్టలు మళ్ళీ వచ్చాయి. అందరివీ కాదు, చాలామందివి. తరవాత నెల రీడింగమ్మ ఆ సందులోకి మలుపు తిరుగుతుండగానే మిషను చప్పుడు వినిపించింది. వాకిట్లోకి అడుగుపెట్టి మెట్ల కిందికి వంగింది. మిషను ఆగిపోయింది. లోపల ఎవరో కదిలిన అలికిడి కూడా లేదు. ఎడమది చూసింది, నడిమిది చూసింది, కుడిది చూసింది. అంకెలు వేసి, వేసినవి ఇంకోసారి సరిచూసుకోవాలనుకుంది. తను అక్కడ ఉన్నంతసేపూ లోపల పని ఆగి ఉంటుందని తోచింది. ఫోను సంచిలో పడేసుకుని గబగబా నడిచింది.

సందు సగం దాటాక వెనక మిషను మొదలైంది.